రెండు వ్యాధులు, ఒక బిడ్డ – సాధ్యమేది? యాప్యమేది?

చికిత్స ఆరంభించుటకు ముందే వైద్యుడు వ్యాధి స్వభావమును నిర్ణయించుకొనవలెనని మన ఆచార్యులు శాసించినారు. చరక సంహిత సూత్రస్థానము 10వ అధ్యాయమున వ్యాధులు నాలుగు తెగలుగా విభజింపబడినవి. సుఖముగా నయమగునవి సుఖసాధ్యములు. కష్టముతో నయమగునవి కృచ్ఛ్రసాధ్యములు. పూర్తిగా పోకున్నను, మందు, పథ్యము సాగినంత కాలము రోగిని సుఖముగా బ్రతుకనిచ్చునవి యాప్యములు. చికిత్సకు లొంగనివి అసాధ్యములు. గురుకులమున మా గురువుగారు ఈ నాలుగింటిలో యాప్యమును గూర్చియే ఎక్కువ సేపు బోధించెడివారు. సాధ్యవ్యాధిలో వైద్యుడు తొందరపడినను రోగి తేరుకొనవచ్చును. యాప్యవ్యాధిలో మందు ఆపినచో ఇల్లు కూలునని వారి హెచ్చరిక. సుశ్రుతుడు కూడ యాప్యరోగికి అందు చికిత్సను, కూలబోవు ఇంటికి నిలిపిన ఊతకొయ్యతో పోల్చినాడు.

ఈ విభాగమును నేడు జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. హెచ్.ఐ.వి. సోకిన బిడ్డకు లింఫోమా అను క్యాన్సరు కూడ వచ్చినపుడు, ఒకే శరీరమున రెండు భిన్న స్వభావములు గల వ్యాధులు కూర్చుండును. వాటిలో క్యాన్సరు నేడు చాలమందిలో కృచ్ఛ్రసాధ్యము. హెచ్.ఐ.వి. యాప్యము. ఒకదాని చికిత్సకు ముగింపు కలదు, రెండవదానికి లేదు. ఈ భేదము తెలిసిన కుటుంబములలో పిల్లలు పెరిగి పెద్దవారగుచున్నారు. తెలియని ఇండ్లలో, గెలిచిన యుద్ధము తరువాత కూడ బిడ్డలు చేజారుచున్నారు.

ఈ వ్యాధి ఎట్లు కలుగును?

మన రక్తములోని తెల్లకణములలో లింఫోసైట్లు అనునవి ఒక తెగ. ఇవి మెడ, చంకలు, గజ్జలు, ఉదరము మొదలగు చోట్ల గల శోషరస గ్రంథులలో నివసించుచు రోగక్రిములతో పోరాడును. ఈ కణములే అదుపు తప్పి పెరిగినచో అది లింఫోమా.

హెచ్.ఐ.వి. ముఖ్యముగా సి.డి.4 అను కణములను నాశనము చేయును. ఈ కణములు రక్షక సైన్యమునకు సేనాపతుల వంటివి. అవి తగ్గినకొలది రెండు అనర్థములు కలుగును. మొదటిది, బి-కణములు అను మరొక తెగ విశ్రాంతి లేక ప్రేరేపింపబడి, విభజన సమయమున జన్యువులలో పొరపాట్లు జరుగు అవకాశము పెరుగును. రెండవది, ఎప్‌స్టీన్–బార్ వైరస్ వంటివి తలెత్తును. ఈ వైరస్ బాల్యములోనే చాలమంది శరీరములలో చేరి ఊరకుండును. కాపలా బలహీనమైనచో కొన్ని కణములను క్యాన్సరు వైపు నడిపించును. హెచ్.ఐ.వి. గల పిల్లలలో బర్కిట్ లింఫోమా, పెద్ద బి-కణ లింఫోమా, హాడ్జ్‌కిన్ లింఫోమా కనబడును. అరుదుగా మెదడులోనే లింఫోమా పుట్టును.

మన శాస్త్రమున ఓజస్సు అను భావన కలదు. ఓజస్సు క్షీణించినవానికి సర్వరోగములు సులభముగా సంక్రమించునని చెప్పుదురు. సుశ్రుతుడు నిదానస్థానము 11వ అధ్యాయమున గ్రంథి, అపచి, అర్బుదములను వర్ణించినాడు. ఈ పోలికలు విషయమును అర్థము చేసికొనుటకు మాత్రమే ఉపకరించును. ప్రాచీనులు హెచ్.ఐ.వి.ని చూడలేదు. కనుక గ్రంథములో అర్బుదమునకు చెప్పిన లేపమును ఈ బిడ్డకు పూసి ఊరకుండుట శాస్త్రగౌరవము కాదు.

ఒకప్పటి స్థితి – నేటి స్థితి

డెనిస్ బర్కిట్ అను ఐర్లండు శస్త్రవైద్యుడు ఉగాండా దేశపు కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేయుచు, 1957లో దవడలు వాచిన పిల్లలను ప్రత్యేకముగా గమనించి 1958లో ఆ వ్యాధిని వర్ణించినాడు. 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ కణితి కణములలో ఒక కొత్త వైరస్‌ను చూచిరి. 1960 దశకములోనే ఆఫ్రికాలో కొద్దిపాటి మందులతో కొందరు పిల్లలు కోలుకొని ఏండ్ల తరబడి జీవించిరి. లింఫోమా మందునకు లొంగునని ఆనాడే తెలిసినది.

1981లో ఎయిడ్స్ వెలుగులోనికి వచ్చినది. 1983లో ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో దానికి కారణమైన వైరస్‌ను కనుగొనిరి. 1986లో చెన్నైలో సునీతి సాల్మన్, సెల్లప్పన్ నిర్మల గార్లు మన దేశములో తొలి హెచ్.ఐ.వి. కేసులను గుర్తించిరి. ఆ రోజులలో ఈ రెండు వ్యాధులు కలిసిన బిడ్డ నెలల లెక్కన మాత్రమే జీవించెడిది. క్యాన్సరు మందు ఇచ్చినచో రక్షణశక్తి ఇంకను పడిపోయి, సూక్ష్మజీవుల వలన బిడ్డ పోయెడిది. మందు ఇవ్వనిచో కణితి వలన పోయెడిది.

1996లో మూడు మందులు కలిపి ఇచ్చు ఏ.ఆర్.టి. విధానము వచ్చినది. వైరస్ అణగినది, సి.డి.4 కణములు తిరిగి పెరిగినవి. అప్పటినుండి బిడ్డ శరీరము పూర్తి మోతాదు క్యాన్సరు చికిత్సను తట్టుకొనుట సాధ్యమైనది. మన దేశములో 2004 ఏప్రిల్ 1 నుండి ఎంపిక చేసిన 8 ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచిత ఏ.ఆర్.టి. ఆరంభమైనది. 2006 నవంబరు 30న పిల్లలకు ప్రత్యేక కార్యక్రమము వచ్చినది. 2017 నుండి సి.డి.4 సంఖ్య ఎంత ఉన్నను, హెచ్.ఐ.వి. ఉన్నదని తేలిన వెంటనే మందు ఇచ్చు విధానము అమలులోనికి వచ్చినది.

హెచ్.ఐ.వి. లేని పిల్లలలో బర్కిట్ లింఫోమా, సదుపాయములు గల దేశములలో నూటికి 90 మంది వరకు నయమగుచున్నది. హెచ్.ఐ.వి. గల పిల్లలలో ఫలితము ఇంకను కొంత తక్కువే. వారు ఆలస్యముగా, బలహీనముగా, క్షయ వంటి ఇతర వ్యాధులతో వచ్చుట దీనికి ముఖ్య కారణములు. ఆలస్యమును తగ్గించుట ఇంటివారి చేతిలోని పని.

ఎట్లు గుర్తించవలెను?

బర్కిట్ లింఫోమా కణములు ఒకటి రెండు దినములలోనే రెట్టింపగును. కనుక వారములు వేచి చూచుట తగదు. ఈ క్రింది లక్షణములు కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

1. మెడ, చంక, గజ్జలలో నొప్పి లేని గడ్డ రెండు వారములకు మించి ఉండుట, లేక త్వరగా పెరుగుట.
2. దవడ వాచుట, పండ్లు కదలుట, కన్ను ముందుకు పొడుచుకొని వచ్చుట.
3. పొట్ట ఉబ్బి గట్టిపడుట, ఎడతెగని వాంతులు.
4. కారణము తెలియని జ్వరము, రాత్రి పక్క తడియునంత చెమట, బరువు తగ్గుట.
5. కాళ్ళు పట్టు తప్పుట, ఒకవైపు ముఖము వాలుట.

మన ప్రాంతమున మెడలో గడ్డ కనబడగానే గండమాల అని పేరు పెట్టి పట్టు వేయుట ఆచారము. హెచ్.ఐ.వి. గలవారిలో గ్రంథుల క్షయ కూడ తరచుగా వచ్చును. రెండును చేతికి ఒకే తీరున తగులును. నాడి చూచి గాని, గడ్డను తాకి గాని వీటిని వేరుచేయుట ఏ వైద్యునికిని సాధ్యము కాదు. గ్రంథి ముక్కను తీసి బయాప్సీ చేయించుట ఒక్కటే మార్గము. బయాప్సీ వలన క్యాన్సరు పాకునను భయము నిరాధారము. లింఫోమా ఉన్నదని తేలిన ప్రతి బిడ్డకును హెచ్.ఐ.వి. పరీక్ష చేయుదురు. దీనిని అవమానముగా భావింపరాదు. మందుల ఎంపిక దానిపైననే ఆధారపడియుండును.

చికిత్స రెండు పాయలు

మొదటి పాయ క్యాన్సరు చికిత్స. సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్, మెథోట్రెక్సేట్, సైటరబిన్ మొదలగు మందులను విడతలు విడతలుగా ఇత్తురు. కొన్నింటిని వెన్నులోనికి కూడ ఎక్కింతురు. రిటుక్సిమాబ్ అను మందును చేర్చుట వలన, ముదిరిన బి-కణ లింఫోమా గల పిల్లలలో మూడేండ్ల వరకు వ్యాధి తిరగబెట్టక నిలిచినవారు నూటికి 82 నుండి 94కు పెరిగినట్లు 2020లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన తెల్పినది. హెచ్.ఐ.వి. గల బిడ్డకు దానిని వాడుట వైద్యులు బలాబలములు చూచి నిర్ణయింతురు. ఈ చికిత్స సాధారణముగా కొన్ని నెలలలో ముగియును.

రెండవ పాయ ఏ.ఆర్.టి. ఇది ప్రతిదినము, జీవితాంతము. ఇటీవలి సంవత్సరములలో డోల్యుటెగ్రావిర్ అను మందు ఇందులో ప్రధానమైనది. ఏ.ఆర్.టి. మందులలో కొన్ని క్యాన్సరు మందులతో పడవు. రిటోనావిర్ కలిసిన మందులు విన్‌క్రిస్టిన్‌ను శరీరములో నిలువజేసి నరములను దెబ్బతీయగలవు. జిడోవుడిన్ మజ్జను అణచును. అందుచేత ఏ.ఆర్.టి. వైద్యుడు, క్యాన్సరు వైద్యుడు ఒకరితో ఒకరు మాటలాడుకొనవలెను. ఇద్దరి చీటీలను ఒకే సంచిలో ఉంచి, ప్రతిసారి ఇద్దరికిని చూపుట ఇంటివారి బాధ్యత.

పెరటిలోని బిళ్ళగన్నేరు

విన్‌క్రిస్టిన్ మన పెరటిలోని బిళ్ళగన్నేరు నుండి వచ్చినదని తెలిసి పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. మడగాస్కర్ దీవి నుండి ప్రపంచమంతట వ్యాపించిన ఈ మొక్క మన ప్రాచీన సంహితలలో కానరాదు. మధుమేహమునకు పనికివచ్చునేమో అని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ గార్లు దీని ఆకును పరీక్షింపగా, చక్కెర తగ్గలేదు గాని తెల్లకణములు తగ్గినవి. 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వెల్లడించిరి. ఆ తరువాత అమెరికాలో వేరుచేసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అక్కడ అనుమతి లభించినది.

ఇది విని ఆకు నూరి బిడ్డకు పోయుటకు ఎవరును పూనుకొనరాదు. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకు కావలెను. ఆకులో ఉండు ఇతర క్షారములు విషతుల్యములు. మొక్క మనదైనను, శుద్ధిచేసి, తూచి, నరమునకు ఎక్కించినపుడే అది ఔషధము. మోతాదు తెలియని ద్రవ్యము ఔషధము కాదని గురుకులమున మొదటి పాఠములలోనే నేర్చితిమి.

ఒక బాలిక సంగతి

ఆనవాళ్ళు మార్చి ఒక సంగతి తెలుపుచున్నాను. తల్లిదండ్రులు ఇద్దరును పోయిన ఒక బాలికను అమ్మమ్మ పెంచుచుండెను. 2009లో, తొమ్మిదవ ఏట, పొట్టలో బర్కిట్ లింఫోమా తేలినది. పుట్టుకతో వచ్చిన హెచ్.ఐ.వి. కూడ అప్పుడే బయటపడినది. ప్రభుత్వ ఆసుపత్రిలో రెండు చికిత్సలును సాగినవి. క్యాన్సరు పోయినది.

పదిహేనవ ఏట ఒక వ్యక్తి వారి ఇంటికి వచ్చి, క్యాన్సరే పోయినపుడు ఇంకను ఆ మాత్రలెందుకని అడిగి, ఎయిడ్స్‌ను సమూలముగా పోగొట్టు లేహ్యమని ఒక డబ్బా అమ్మినాడు. బాలిక మాత్రలు మానినది. కొన్ని నెలలకు నోటిలో తెల్లపూత, జ్వరము మొదలైనవి. అమ్మమ్మ ఆ డబ్బాను నా వద్దకు తెచ్చి, “అయ్యా, ఇది మన ఆయుర్వేదమే కదా, ఇంకొక నెల చూడమంటారా?” అని అడిగినది.

“అమ్మా, ఒక్క దినము కూడ వద్దు. క్యాన్సరు పోయినది నిజమే. ఈ రెండవది పోలేదు, అణగి ఉన్నది. మాత్ర ఆగిన నాడు అది లేచును” అని చెప్పి, ఏ.ఆర్.టి. కేంద్రము వైద్యునికి జాబు వ్రాసి ఆ దినమే పంపితిని. అక్కడ వైరల్ లోడ్ పరీక్షించి మందులు సవరించిరి. నేడు ఆమెకు పాతికేండ్లు దాటినవి. ఉద్యోగము చేసికొనుచున్నది. ప్రతి రాత్రి భోజనానంతరము మాత్ర వేసికొనుచున్నది.

క్యాన్సరును నయము చేయునను ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది. ఎయిడ్స్‌ను, క్యాన్సరును నివారించునని ఏ మందును చెప్పుకొనరాదని ఔషధ నియమావళిలోని జె-షెడ్యూలు నిర్దేశించుచున్నది. ఆయుర్వేదము పేరున అట్టి మాట చెప్పువాడు ఆయుర్వేదమునకు కూడ ద్రోహియే.

ఇంట చేయవలసిన పరిచర్య

వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి – ఈ నాలుగును చికిత్సకు నాలుగు పాదములు. ఇంటనున్న తల్లియో అమ్మమ్మయో మూడవ పాదము.

ఆహారము: క్యాన్సరు మందు తరువాత ఆకలి మందగించును. ఒకేసారి ఎక్కువ పెట్టక, రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా పెట్టవలెను. పేలాల జావ, పెసరకట్టు, నేయి కలిపిన మెత్తని అన్నము, ఇడ్లీ, రాగిజావ, బాగుగా ఉడికిన గ్రుడ్డు అనుకూలములు. నీరు మరిగించి చల్లార్చినదే త్రాగింపవలెను. పచ్చిపాలు, బజారు పానీయములు, కడగని పచ్చి కూరలు కూడవు. తొక్క తీయదగిన పండ్లు ఇంటనే కడిగి ఒలిచి పెట్టవలెను. తెల్లకణములు మిక్కిలి తగ్గిన దినములలో పెరుగు, తేనె పెట్టుటకు ముందు ఆసుపత్రి వారిని అడుగవలెను.

నోరు: నోటిపూతకు, గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి దినమునకు నాలుగైదుసార్లు పుక్కిలింపజేయవలెను. మ్రింగరాదు. వేపపుల్ల, గరుకైన పండ్లపొడి మాని మెత్తని బ్రష్ వాడవలెను.

జ్వరము: ఇది అన్నిటికంటె ముఖ్యము. మందు ఎక్కించిన ఒకటి రెండు వారములలో తెల్లకణములు బాగుగా పడిపోవును. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరము వచ్చినను అది అత్యవసరము. కషాయము కాచుచు, తడిగుడ్డ వేయుచు తెల్లవారువరకు ఆగరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరవలెను.

మలబద్ధకము: విన్‌క్రిస్టిన్ వలన ప్రేగుల కదలిక మందగించును. ఆముదము పట్టుట, వస్తి చేయుట, మలద్వారమున గుళిక పెట్టుట ఈ సమయమున ప్రమాదకరము. వైద్యునికి చెప్పి మృదువైన మందు పొందవలెను. బిడ్డ తడబడి నడచుట, చెప్పులు కాలినుండి జారుట, దవడ నొప్పి కూడ ఆ మందు వలన కలుగవచ్చును గాన తెలుపవలెను.

మూత్రము: డాక్సోరూబిసిన్ ఇచ్చిన తరువాత మూత్రము ఎర్రగా వచ్చును. అది రక్తము కాదు, మందు రంగు. ఒకటి రెండు దినములలో పోవును. ఆ పిదప కూడ ఎర్రగా ఉన్నను, మంట ఉన్నను చూపింపవలెను. నీరు ఎక్కువగా త్రాగించుట, తరచు మూత్రమునకు పంపుట సైక్లోఫాస్ఫమైడ్ నుండి మూత్రాశయమును కాపాడును.

చేయకూడనివి

క్యాన్సరు చికిత్స జరుగుచుండగా వమన, విరేచన, వస్తి, రక్తమోక్షణములు పూర్తిగా నిషిద్ధములు. గట్టిగా నూనె మర్దన చేయుటయు కూడదు. ప్లేట్‌లెట్లు తగ్గియున్నపుడు చర్మము క్రింద రక్తము చిమ్మును.

భస్మముల విషయమున ఒక సూక్ష్మము కలదు. డోల్యుటెగ్రావిర్ మందు ఇనుము, సున్నము, జింకు, మెగ్నీషియములతో ప్రేగులోనే అతుకుకొని రక్తములోనికి చేరకపోవును. మన లోహభస్మము, మండూరము ఇనుమే. శంఖభస్మము, ప్రవాళభస్మము సున్నమే. అంగడిలో దొరకు రక్తవృద్ధి టానిక్కులును అట్టివే. వైద్యుడు అనుమతించిన ఇనుము, కాల్షియము మాత్రలున్నచో, వాటికి 2 గంటల ముందు గాని 6 గంటల తరువాత గాని ఏ.ఆర్.టి. మాత్ర వేయవలెను. పాదరసము, సీసము కలిసిన రసౌషధములు మూత్రపిండములపై భారము మోపును గాన, ఈ బిడ్డలకు వద్దే వద్దు.

త్రికటు చూర్ణము అనుపానముగా మనకు పరిచితము. మిరియాలు, పిప్పళ్ళలోని పైపెరిన్ కొన్ని మందులను రక్తములో పెంచును. కూరలో వేయు మిరియము దోషము కాదు. చూర్ణమును చెంచాలతో ఇచ్చుట దోషము. వెల్లుల్లి గుళికలు సాక్వినావిర్ అను పాత హెచ్.ఐ.వి. మందును రక్తములో దాదాపు సగమునకు తగ్గించినట్లు 2002లో వెలువడిన అమెరికా పరిశోధన తెల్పినది. ఇదియు వంటలోని వెల్లుల్లిని గూర్చిన మాట కాదు.

తిప్పతీగ, అశ్వగంధ నేను గౌరవించు ద్రవ్యములే. అయినను వాటి వాడుకతో కాలేయము దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికలలో ప్రకటింపబడినవి. తిప్పతీగను గూర్చి 2021లో ముంబాయి నుండియే వెలువడినవి. క్యాన్సరు మందులను, ఏ.ఆర్.టి.ని భరించుచున్న కాలేయముపై వీటిని మోపరాదు. రక్షణశక్తిని పెంచు పని ఈ బిడ్డలో ఏ.ఆర్.టి.యే చేయుచున్నది.

చికిత్స ముగిసిన పిదప

బర్కిట్ లింఫోమా తిరగబెట్టినచో ఎక్కువగా మొదటి సంవత్సరములోనే తిరగబెట్టును. రెండేండ్లు దాటినచో ఆ భయము చాల తగ్గును. అంతటితో చూపించుట మానరాదు. బిడ్డ పెరిగిన కొలది గమనింపవలసినవి ఇవి.

గుండె: డాక్సోరూబిసిన్ ప్రభావము ఏండ్ల తరువాత బయటపడవచ్చును. వైద్యుడు చెప్పిన వ్యవధిలో ఎకో పరీక్ష చేయింపవలెను. ఆడపిల్లలు గర్భిణులైనపుడు ఈ సంగతి తప్పక తెలుపవలెను.

ఎముకలు, ఎదుగుదల: స్టిరాయిడ్లు, కొన్ని హెచ్.ఐ.వి. మందులు ఎముకలను పలుచన చేయును. ఎత్తు, బరువు పుస్తకములో వ్రాసికొనుచుండవలెను. ఎండ తగులునట్లు ఆటలాడనీయవలెను.

టీకాలు: క్యాన్సరు మందు వలన పూర్వపు టీకాల బలము తగ్గును. ఏవి మరల వేయవలెనో, ఏవి వేయరాదో వైద్యుని అడుగవలెను. ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నివారణకు హెచ్.పి.వి. టీకా మిక్కిలి అవసరము. హెచ్.ఐ.వి. గల స్త్రీలు 25వ ఏటి నుండి ఆ క్యాన్సరుకు పరీక్ష చేయించుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది.

వైరల్ లోడ్: ఇది ఊతకొయ్య గట్టిగా ఉన్నదా లేదా అని చూచు పరీక్ష. వైరస్ కనబడనంతగా తగ్గినదని చీటీలో వచ్చినచో సంతోషింపవలసినదే. అది మందు పనిచేయుచున్నదనుటకు సాక్ష్యము. మందు అక్కరలేదనుటకు సాక్ష్యము కాదు.

క్యాన్సరు మందులు ముగిసి కణముల సంఖ్య కుదుటపడిన తరువాత, వైద్యుని సమ్మతితో మన దినచర్య ఎంతయో మేలుచేయును. వేళకు నిద్ర, గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువైన అభ్యంగము, ఇంటి భోజనము, నడక – ఇవి అన్నియు ఊతకొయ్యకు తోడు. దానికి బదులు కావు.

బిడ్డకు చెప్పుట, బడికి పంపుట

మాత్ర ఎందుకో తెలియని పిల్లలు యౌవనములో దానిని విసరివేయుదురు. పది పందొమ్మిదేండ్ల మధ్య మందు మానువారు ఎక్కువ. బడి వయస్సు నుండియే అంచెలంచెలుగా చెప్పవలెనని నిపుణుల మాట. ఆరేడేండ్ల బిడ్డకు “నీ రక్తములో నిన్ను కాపాడు సైనికులు నిద్రపోకుండుటకు ఈ మాత్ర” అనినచో చాలును. పండ్రెండేండ్లు వచ్చుసరికి వ్యాధి పేరు పెద్దవారి నోటనే తెలియవలెను. ఇరుగుపొరుగు నోట తెలియుట గాయము.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము, బడిలో గాని, ఆసుపత్రిలో గాని, ఉద్యోగములో గాని వివక్ష చూపుటను నిషేధించినది. అనుమతి లేక వ్యాధి సంగతి బయటపెట్టరాదు. తల్లిదండ్రులు లేని ఇంట, 12 ఏండ్లు నిండి 18 లోపు ఉన్న పరిణతి గల అన్నయో అక్కయో తమ్ముడు చెల్లెలి చదువు, వైద్య విషయములలో సంరక్షకులుగా వ్యవహరింపవచ్చును. సందేహములకు 1097 ఉచిత సహాయవాణి కలదు.

సందేహములు – సమాధానములు

ప్రశ్న: ఈ బిడ్డతో కలిసి భుజించుట వలన మా పిల్లలకు ఏదైన సోకునా?
జవాబు: సోకదు. లింఫోమా అంటువ్యాధి కాదు. హెచ్.ఐ.వి. కలిసి తినుట, ఆడుట, ముద్దాడుట వలన రాదు. నిజమునకు జలుబు, ఆటలమ్మ మీ పిల్లలనుండి ఈ బిడ్డకు సోకకుండ చూడవలెను.

ప్రశ్న: ఒక పూట మాత్ర మరచినచో మరుసటి పూట రెండు వేయవచ్చునా?
జవాబు: రెట్టింపు మోతాదు వేయరాదు. జ్ఞాపకము వచ్చినపుడు ఏమి చేయవలెనో మీ ఏ.ఆర్.టి. కేంద్రమున ముందే అడిగి వ్రాసి ఉంచుకొనుడు. భోజనము, దీపము పెట్టు వేళ వంటి నిత్యకృత్యమునకు మాత్రను జోడించినచో మరపు రాదు.

ప్రశ్న: ఈ బిడ్డ పెద్దదై వివాహము చేసికొని పిల్లలను కనవచ్చునా?
జవాబు: కొన్ని క్యాన్సరు మందులు సంతానశక్తిని తగ్గించును గాన ముందే వైద్యునితో మాటలాడవలెను. భాగస్వామికి వ్యాధి సంగతి తెలియవలెను. చికిత్స ఏదియు లేనిచో తల్లినుండి బిడ్డకు హెచ్.ఐ.వి. 100కు 15 నుండి 45 మందికి సోకును. సరియైన మందులతో 5 కంటె తగ్గును. ప్రతి గర్భిణికిని హెచ్.ఐ.వి. పరీక్ష తప్పక చేయింపవలెననుట ఇందుకే. ఈ కష్టమును మొదలంట తుంచు ఉపాయము అది ఒక్కటే.

సారాంశము

గడ్డను చూచి ఆలస్యము చేయకుడు. బయాప్సీకి భయపడకుడు. జ్వరమును ఇంట ఉంచుకొనకుడు. మూలికనైనను, భస్మమునైనను ఇద్దరు వైద్యులకు తెలుపక ఇయ్యకుడు. క్యాన్సరు చికిత్స ముగిసిన దినమున ఇంట పాయసము వండుకొనుడు. ఆ రాత్రి ఏ.ఆర్.టి. మాత్రను మాత్రము మరువకుడు. సాధ్యవ్యాధిని జయించిన బిడ్డను యాప్యవ్యాధికి ఒప్పగింపకుండుటయే పరిచారకుల ధర్మము.